షుగర్ ఉన్నవాళ్లు రోజుకు ఎంత కార్బ్స్ తినాలి? మీ కంచం నుంచే లెక్క తీసుకునే పద్ధతి

నాకు టైప్ 2 షుగర్ అని తెలిసిన రోజు ఆస్పత్రిలో ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టారు. అన్నం మానేయండి, చపాతీలు మూడు, స్వీట్లు వద్దు, అంతే. ఎన్ని గ్రాములు, ఎందుకు, చపాతీ ఎంత సైజు ఉండాలి, పప్పు లెక్కలోకి వస్తుందా రాదా, ఇవేవీ అందులో లేవు. అన్నం మానేసి రాత్రి నాలుగు చపాతీలు, పొద్దున పెద్ద గ్లాసుడు రాగి జావ పట్టించి, ఇంత కట్టుబాటుగా ఉంటున్నా షుగర్ ఎందుకు దిగడం లేదని ఆరు నెలలు బాధపడ్డాను. విసుగొచ్చి మళ్లీ ఇడ్లీకీ అన్నానికే వచ్చేశాను. తర్వాత తూకం మెషీన్ కొనుక్కుని, గ్లూకోమీటర్ పక్కన పెట్టుకుని, నా తిండి నేనే లెక్కేసుకోవడం మొదలుపెట్టాక సంగతి అర్థమైంది. ఎంత తినాలన్న అంకె ఏ పుస్తకంలోనూ మన పేరు మీద రాసి ఉండదు. మనం ఇప్పుడు తింటున్నది తూచి, కొంచెం కొంచెం తగ్గిస్తూ, మీటర్ చెప్పింది వింటూ పోతే ఆ అంకె దొరుకుతుంది. ఆ పద్ధతే వరసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు: ఎవరు సొంతంగా చేయకూడదు

ఇది దాటేసి కిందికి వెళ్లకండి, దయచేసి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు తిండి ఒక్కసారిగా తగ్గించి మందు అదే డోసులో వేసుకుంటే షుగర్ పడిపోతుంది. తిండి తగ్గించే ముందే డాక్టర్ గారితో మాట్లాడి, మందు ఎప్పుడు ఎంత తగ్గించాలో అడిగి పెట్టుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ కార్బ్స్ దాదాపు పూర్తిగా మానేస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు, పైగా అప్పుడు మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపించవచ్చు, అందుకని అది మరీ ప్రమాదం. మీ మాత్రల అట్ట వెనక రాసున్న మందు పేరు ఒకసారి చదవండి, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఇప్పుడు చాలా ఉన్నాయి.

గర్భిణులు రోజుకు 175 గ్రాముల కంటే తగ్గించకూడదనేది సాధారణంగా పాటించే లెక్క, వాళ్లకు షుగర్ హద్దులు కూడా వేరు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అన్నం తగ్గించి ఆ చోట పప్పులు, మాంసం ఇష్టమొచ్చినంత పెంచకూడదు. పిల్లలకు, టైప్ 1 వాళ్లకు ఈ వ్యాసం సరిపోదు. వాళ్లు తినే కార్బ్స్‌ను బట్టి ఇన్సులిన్ యూనిట్లు లెక్కేసుకోవాలి, అది డాక్టర్ దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన పని.

మొదటి పని: కార్బ్స్ అంటే ఏంటో ఒక్క మాటలో

పిండి పదార్థాలు, చక్కెరలు రెండూ కార్బ్సే. అన్నం, చపాతీ, ఇడ్లీ, జొన్నరొట్టె, రవ్వ, అటుకులు, సగ్గుబియ్యం, దుంపలు, పళ్లు, పాలు, పంచదార, బెల్లం, తేనె, అన్నిట్లోనూ ఉంటాయి. పప్పుల్లో కూడా సగానికి సగం ఉంటాయి, ఇది చాలామంది మర్చిపోతారు. గుడ్డు, చేప, చికెన్, నూనె, నెయ్యిలో ఉండవు, ఉన్నా లెక్కలోకి రానంత. ఆకుకూరలు, వంకాయ, బెండకాయ, బీర, సొర, దొండ, కాకర లాంటి వాటిలో కొంచెమే. బెల్లం మంచిది, తేనె సహజమైనది అనే మాటలు షుగర్ విషయంలో పనికిరావు. చెంచా బెల్లం, చెంచా పంచదార, రక్తంలోకి వెళ్లాక రెండూ గ్లూకోజే.

రెండో పని: మూడు రోజులు ఏదీ మార్చకుండా తూచి రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, ఎక్కువమంది చేయనిదీ ఇదే. వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ తూకం కొనండి. డైట్ చార్టు కోసం తిరిగే బస్సు చార్జీలతో పోలిస్తే అది ఎక్కువ ఖర్చేమీ కాదు.

మా ఇంట్లో మొదటిరోజు ఏం జరిగిందో చెప్తాను. 150 గ్రాముల బియ్యం తూచి కుక్కర్‌లో పెట్టాను. ఉడికాక తూస్తే 420 గ్రాముల అన్నం అయింది. బియ్యంలో నూటికి 78 గ్రాములు కార్బ్స్ అంటే 150 గ్రాములకు 117. ఆ 117 ఇప్పుడు 420 గ్రాముల అన్నంలో పరుచుకుని ఉంది కాబట్టి, వంద గ్రాముల అన్నంలో 28 గ్రాములు. తర్వాత ఖాళీ కంచం తూకం మీద పెట్టి, సున్నా చేసి, రోజూ వడ్డించుకునే హస్తంతో, అంటే అన్నం గరిటెతో, ఒక్కసారి అన్నం వేశాను. 95 గ్రాములు. నేను రోజూ మధ్యాహ్నం ఎన్ని వేసుకుంటున్నానో అప్పటిదాకా లెక్కపెట్టలేదు. ఆ రోజు చూస్తే పప్పుతో రెండు, కూరతో ఒకటి, పెరుగులోకి ఒకటి, మొత్తం నాలుగు. 380 గ్రాముల అన్నం, అంటే 106 గ్రాముల కార్బ్స్, ఒక్క అన్నం నుంచే. నేను తినేది కొంచెమే అని డాక్టర్ గారికి పదేపదే చెప్పిన మనిషిని. అబద్ధం చెప్పలేదు, నాకు నిజంగా తెలియదు.

మీ ఇంట్లో అన్నం మెత్తగా వండుతారేమో, అప్పుడు నీళ్లు ఎక్కువ కాబట్టి వంద గ్రాములకు 25 రావచ్చు. పొడిపొడిగా వండితే 30 దాకా రావచ్చు. అందుకే ఎవరి హస్తం, ఎవరి గిన్నె వాళ్లే ఒకసారి తూచుకోవాలి. ఒక్కసారి తూస్తే చాలు, ఆ తర్వాత హస్తాల లెక్కలోనే నడుస్తుంది.

ఇప్పుడు మిగతావాటి లెక్క. ఇవి మన ఇళ్లలో మామూలుగా చేసుకునే సైజులకు సుమారు అంకెలు, రెండు మూడు గ్రాముల తేడా వస్తే కంగారు పడకండి:

- ఇంటి ఇడ్లీ ఒకటి: 10 నుంచి 12
- ఇంట్లో వేసుకునే మామూలు దోశ: 20 దాకా, హోటల్ దోశ అయితే దానికి రెట్టింపు అనుకోండి
- పెసరట్టు ఒకటి, 40 గ్రాముల పెసలతో: 18
- ఉప్మా, 50 గ్రాముల రవ్వతో: 34
- అటుకుల ఉప్మా, 50 గ్రాముల అటుకులతో: 38
- చపాతీ, 30 గ్రాముల పిండితో: 19
- జొన్నరొట్టె, 60 గ్రాముల పిండితో: 40
- రాగి సంకటి ముద్ద, 80 గ్రాముల పిండితో: 53, అందులో బియ్యపు నూక వేస్తే ఇంకా ఎక్కువ
- పప్పు ఒక గిన్నె, 30 గ్రాముల కందిపప్పుతో: 16
- పాలు 100 మి.లీ.: 5, పెరుగు 100 గ్రాములు: 5 లోపే
- పంచదార టీ చెంచా: 5
- మారీ రకం బిస్కెట్ ఒకటి: 4 నుంచి 5
- బంగాళాదుంప, చామదుంప, కంద 100 గ్రాములు: 15 నుంచి 20
- మీడియం సైజు అరటిపండు: 23 నుంచి 25
- మామిడి ముక్కలు 100 గ్రాములు: 15
- వేరుశనగ గుళ్లు 30 గ్రాములు: 5

ఈ జాబితాలో రాగి సంకటిని, జొన్నరొట్టెను మళ్లీ ఒకసారి చూడండి. జొన్నలు, రాగులు, సజ్జలు మంచివే, బియ్యం కంటే పీచు చాలా ఎక్కువ, వంద గ్రాములకు 10, 11 గ్రాముల పీచు ఉంటుంది. కానీ కార్బ్స్ మరీ తక్కువేం కాదు. బియ్యంలో 78 ఉంటే జొన్నల్లో 68, రాగుల్లో 67, సజ్జల్లో 62. అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలు తింటున్నాం, అయినా తగ్గట్లేదు అనేవాళ్లు పళ్లెంలో 80 గ్రాములు పెట్టుకుంటున్నారన్నమాట. నేను తాగిన రాగి జావ సంగతీ అంతే, పైగా పిండిని మెత్తగా ఆడించి పల్చగా కాచి తాగితే నమలాల్సిన పని లేకుండా గబగబా అరిగి షుగర్ తొందరగా ఎక్కుతుంది. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పెద్ద ఎత్తున చేసిన ఇండియాబ్ సర్వే లెక్కల్లో కూడా ఇదే తేలింది. మనవాళ్లకు శక్తిలో దాదాపు 62 శాతం కార్బ్స్ నుంచే వస్తోంది, బియ్యం మానేసి అదే మోతాదులో గోధుమకో చిరుధాన్యాలకో మారినంత మాత్రాన షుగర్ వచ్చే అవకాశమేమీ తగ్గినట్టు కనిపించలేదు. మొత్తం మోతాదు తగ్గాలి.

ఇంకో చిన్న చిక్కు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో కార్బ్స్ అంకె పీచు తీసేశాక ఇచ్చిందే. అమెరికా లెక్కలతో నడిచే ఫోన్ యాప్‌లలో పీచు కలిపి చూపిస్తారు, అందులోంచి పీచు తీసేయాలి. మన పట్టికలోని అంకెలోంచి కూడా పీచు తీసేస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది. పైన నేను ఇచ్చిన ధాన్యాలు, పప్పుల అంకెలు మన పట్టికవే, వాటిలోంచి ఏమీ తీయకండి.

మూడో పని: కూడి చూడండి

నా మొదటిరోజు చీటీ ఇది. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, రెండు చెంచాల పంచదారతో కాఫీ: 68. పదకొండింటికి టీ, రెండు బిస్కెట్లు: 20. మధ్యాహ్నం నాలుగు హస్తాల అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు: 131. సాయంత్రం టీ, గుప్పెడు జంతికలు: 25. రాత్రి 250 గ్రాముల అన్నం, కూర, మజ్జిగ, అరటిపండు: 105. మొత్తం 349.

టీలు, బిస్కెట్లు, జంతికలు కలిపి 45. స్వీటు ముక్క కూడా ముట్టలేదు ఆ రోజు.

మూడు రోజులవీ కూడి మూడుతో భాగించండి, వచ్చేది మీ ఇప్పటి సగటు. అందులో ఒక ఆదివారం ఉండేలా చూసుకోండి, ఆదివారం తిండి వేరు.

నాలుగో పని: మొదలుపెట్టే అంకె ఎంచుకోండి

షుగర్ ఉన్నవాళ్లందరికీ ఇంత శాతం అని ఒకే అంకె లేదు, పెద్ద పెద్ద వైద్య సంఘాలు కూడా అదే చెప్తున్నాయి. అయినా మొదలుపెట్టడానికి ఒక చోటు కావాలి కదా. రెండు దారుల్లో వచ్చి చూడండి.

ఒక దారి కేలరీల లెక్క. కార్బ్స్ గ్రాముకు 4 కేలరీలు. మీకు రోజుకు 1600 కేలరీలు చాలనుకుంటే, అందులో సగం కార్బ్స్ నుంచి అంటే 800 కేలరీలు, 4తో భాగిస్తే 200 గ్రాములు. 45 శాతం అంటే 180, 40 శాతం అంటే 160. ఇండియాబ్ లెక్కల్ని బట్టే 2022లో వచ్చిన ఒక పరిశోధన, షుగర్‌ని వెనక్కి తిప్పాలనుకునే మనవాళ్లకు కార్బ్స్ 50 శాతం చుట్టుపక్కలకు దించి, ప్రొటీన్ 20 శాతానికి పెంచమంది. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు, షుగర్ ఉన్నా లేకపోయినా, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దన్నాయి. కూర్చుని ఉద్యోగం చేసేవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు తక్కువ వైపు నుంచి మొదలుపెట్టవచ్చు. పొలం పని, బేల్దారి పని చేసేవాళ్లకు 1600 కేలరీలు సరిపోవు, వాళ్ల అంకె వేరే.

రెండో దారి, నాకు ఎక్కువ నమ్మకమైనది: మీ సగటులో నాలుగో వంతు తీసేయండి. నాకు 349 నుంచి 260. రెండు వారాలు అక్కడ ఉండి, మళ్లీ కొంచెం దింపండి. నేను ఇప్పుడు 165, 170 దగ్గర ఆగాను. ఒకేసారి 350 నుంచి 100కి దూకిన మా చుట్టాలబ్బాయి మూడు వారాలు హీరోలాగా ఉన్నాడు, నాలుగో వారంలో పెళ్లి భోజనం దగ్గర మొదలుపెట్టి మళ్లీ పాత కంచానికే వచ్చేశాడు. అంత తక్కువకు వెళ్లి ఫలితం చూసినవాళ్లు లేరని కాదు, ఉన్నారు, కానీ అది మందులు సర్దుతూ డాక్టర్ కంట్లో ఉండి చేయాల్సింది.

ఐదో పని: పూటలకు పంచండి

రోజు మొత్తం అంకె కంటే పూటకు ఎంత అనేది షుగర్‌కి ఎక్కువ పట్టింపు. 170 గ్రాములూ మధ్యాహ్నం ఒక్కసారి తింటే ఏ మందూ ఆపలేదు. నా పంపకం ఇలా ఉంది: పొద్దున 40, మధ్యాహ్నం 60, రాత్రి 45, టీలు, పండు, మధ్యలో ఏదైనా కలిపి 20, 25.

మధ్యాహ్నం 60 ఎలా వస్తుందో చూడండి. పప్పు ఒక గిన్నె 15, కూర 5, పెరుగు 5. ఇక అన్నానికి మిగిలింది 35, అంటే 125 గ్రాములు, మా హస్తంతో ఒకటిన్నర కంటే తక్కువే. మొదట్లో ఆ కంచం చూస్తే ఏడుపొచ్చింది. నాలుగు రకాలతో తినే అలవాటు మనది. ఆ కాస్త అన్నం పప్పులోకి అయిపోతే పెరుగులోకి ఏముంటుంది? నేను కనిపెట్టుకున్న ఉపాయం, కూరను అన్నంలో నంజుకోవడం మానేసి, కూరలో అన్నం నంజుకోవడం. అరకిలో బీరకాయలు ఇద్దరికి సరిపోయే కూర మా ఇంట్లో ఇప్పుడు. పప్పు కాస్త గట్టిగా వండి చెంచాతో తింటాను. చివర పెరుగు అన్నం వద్దనుకుని పెరుగులో కీర దోసకాయ తరిగి వేసుకుంటాను. పెరుగన్నం లేనిదే భోజనం అయినట్టు ఉండదు అనేవాళ్లు పప్పన్నం తగ్గించి ఆ ముద్దలు చివరికి దాచుకోండి, ఏ ముద్ద ఉంచుకోవాలో మీ ఇష్టం.

తూకాలు, కూడికలు మా అమ్మలాంటి పెద్దవాళ్లతో కావు. వాళ్లకు కంచం పద్ధతి చాలు. మరీ పెద్దది కాని కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పావు భాగం గట్టి పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావులో అన్నమో రొట్టో. అన్నం గుట్టగా కాకుండా పరిచినట్టు ఉండాలి.

ఆరో పని: మీటర్‌తో పరీక్ష పెట్టండి

ఇప్పటిదాకా చేసింది అంచనా. మీ ఒంటికి ఆ అంచనా సరిపోయిందా లేదా అనేది ఇక్కడే తెలుస్తుంది.

తినే ముందు ఒకసారి చూసి రాయండి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న టైమ్ రాసుకోండి, సరిగ్గా రెండు గంటలకు మళ్లీ చూడండి. తిన్నాక కాదు, తినడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలు. చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ వేలు పొడవండి, వేలికి పండు రసమో బెల్లమో అంటుకుని ఉంటే మీటర్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి లేనిపోని టెన్షన్.

చాలామంది పెద్దవాళ్లకు పెట్టే హద్దులు ఇవి: పరగడుపున 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు. వయసు మళ్లినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్ గారు కొంచెం వదులు హద్దులు ఇవ్వచ్చు, అవే పాటించండి. నేను ఇంకోటి కూడా చూస్తాను: ముందుకు తర్వాతకు తేడా 50 దాటకుండా ఉందా అని. ఎందుకంటే ముందే 150 ఉన్న రోజు తర్వాత 190 వస్తే, తప్పు ఆ భోజనానిది కాదు, అంతకు ముందుదానిది.

నా నోట్‌బుక్‌లో ఇడ్లీల పేజీ ఇలా ఉంది. నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ: ముందు 118, తర్వాత 212. మర్నాడు మళ్లీ అదే: 121, 206. మూడో రోజు రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు: 116, 158. ఇంకో వారం రెండు పెసరట్లు, అల్లం చట్నీ: 120, 151. రెండు పెసరట్లలో 36 గ్రాములు ఉన్నా రెండు ఇడ్లీల కంటే తక్కువ పెంచింది, పెసల్లో పీచు, ప్రొటీన్ ఉండబట్టి. అదే పెసరట్టు హోటల్లో ఉప్మా పెట్టించుకుని తిన్న రోజు 197. ఇవి నా ఒంటి అంకెలు, మీవి వేరేగా ఉంటాయి, అందుకే ఎవరి పేజీ వాళ్లు రాసుకోవాలి.

పద్ధతి ఒక్కటే: ఒకసారి ఒక్కటే మార్చండి. ఇడ్లీలు తగ్గించి, చట్నీ మార్చి, కాఫీ మానేసి, వాకింగ్ మొదలుపెట్టి అన్నీ ఒకే రోజు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకే భోజనాన్ని రెండు రోజులు పరీక్షించాకే తీర్పు చెప్పండి, రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం వచ్చినా, ఆఫీసులో గొడవ అయినా షుగర్ పెరుగుతుంది. రెండుసార్లూ 180 దాటితే ఆ పూటలో 10, 15 గ్రాములు తగ్గించి మళ్లీ చూడండి. రెండుసార్లూ 140 లోపే ఉండి మీకు ఆకలి వేస్తుంటే కొంచెం కలుపుకోవచ్చు, తప్పేం లేదు.

స్ట్రిప్పుల ఖర్చు చిన్నదేమీ కాదు, అది నాకు తెలుసు. అందుకని అన్ని పూటలూ ఒకేసారి పట్టుకోకండి. ఈ వారం పొద్దున టిఫిన్ మాత్రమే, మూడు రోజులు, ఆరు స్ట్రిప్పులు. వచ్చే వారం మధ్యాహ్న భోజనం. ఆ తర్వాత రాత్రి. ఒక ప్యాకెట్‌తో నెల గడిచిపోతుంది, మీరు మామూలుగా తినే భోజనాలన్నిటి గురించీ తెలిసిపోతుంది.

ఎక్కువమందికి మధ్యాహ్నం ఏమీ చేయని మోతాదు పొద్దున్నే ఎక్కువ పెంచుతుంది. నాకూ అంతే, అందుకే పొద్దునకు 40 పెట్టుకున్నాను. మీకు రాత్రి పూట అలా ఉండొచ్చు.

అంకె మార్చకుండా షుగర్ తగ్గించేవి

కార్బ్స్ ఇంకా తగ్గించే ముందు వీటిని చూడండి. ముందు కూర, పప్పు, గుడ్డు తిని, అన్నం చివర్లో తింటే అదే మోతాదుకు షుగర్ తక్కువ ఎక్కుతుంది. తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడక, వీధి చివరిదాకా వెళ్లి వచ్చినా చాలు, నాకు 20, 30 పాయింట్ల తేడా కనిపిస్తుంది. గంజి వార్చినంత మాత్రాన అన్నంలో షుగర్ పోదు. వండి ఫ్రిజ్‌లో చల్లార్చిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారే మాట నిజమే కానీ, దాన్ని నమ్ముకుని రెండు హస్తాలు ఎక్కువ వేసుకునేంత కాదు.

బియ్యం రకం గురించి కూడా చెప్పాలి. మనం ఎక్కువగా తినే సాంబ మసూరి, అదే బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, బాగా పాలిష్ పట్టి తింటాం కాబట్టి షుగర్‌ని తొందరగా పెంచే బియ్యాల్లోకే వస్తుంది. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది షుగర్‌ని ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె) 51 చుట్టుపక్కల అని చెప్తారు, 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. అంటే నెమ్మదిగా పెంచుతుంది. కానీ కొట్లో దాన్ని షుగర్ ఫ్రీ బియ్యం అని అమ్ముతున్నారు, ఆ మాట తప్పు. వంద గ్రాముల తెలంగాణ సోనాలోనూ కార్బ్స్ మామూలు బియ్యంలో ఉన్నంతే ఉంటాయి. దొరికితే కొనుక్కోండి, హస్తాల లెక్క మాత్రం మార్చకండి.

పండగలు, పెళ్లిళ్లు, ఉపవాసాలు

అరిసె ఒకటి 25 గ్రాములకు తక్కువ ఉండదు. సంక్రాంతికి ఒక అరిసె తినాలనుకుంటే తినండి, ఆ పూట అన్నం ఒక హస్తం తగ్గించి తినండి, దొంగచాటుగా అదనంగా కాదు. మామిడిపళ్ల రోజుల్లో బంగినపల్లి ముక్కలు వంద గ్రాములు తూచి, సాయంత్రం టీ బిస్కెట్ల బదులు తింటాను. భోజనం అయ్యాక మీద వేసుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. రసం తీసి తాగొద్దు. ఏకాదశి ఉపవాసం అని సగ్గుబియ్యం కిచిడీ తినేవాళ్లు గమనించండి, సగ్గుబియ్యం దాదాపు అంతా పిండే, పీచు లేదు, ప్రొటీన్ లేదు. మందులు వేసుకుంటూ పూర్తిగా పస్తు ఉండాలనుకుంటే ముందు డాక్టర్‌ని అడగాల్సిందే.

షుగర్ పడిపోతే

ఇది ఇంట్లో అందరికీ నేర్పండి. చెమటలు, వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి, మాట తడబడటం కనిపిస్తే వెంటనే చూడండి. 70 కంటే తక్కువ ఉంటే అప్పుడు లెక్కలన్నీ పక్కన పెట్టి 15 గ్రాముల చక్కెర: గ్లూకోజ్ పొడి గానీ, మూడు చెంచాల పంచదార నీళ్లలో గానీ. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. చాక్లెట్, బిస్కెట్ ఇందుకు పనికిరావు, కొవ్వు ఉండటం వల్ల నెమ్మదిగా ఎక్కుతాయి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, 108కి ఫోన్ చేయండి. తిండి తగ్గించాక వారంలో రెండుసార్లు ఇలా పడిపోతే తిండి పెంచడం కంటే ముందు మందు డోసు సంగతి అడగాలి.

మూడు నెలలకు

హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, చేయించండి. చాలామందికి 7 లోపు ఉండాలని చూస్తారు. అది దిగి, పరగడుపు షుగర్ హద్దులో ఉండి, మీకు ఆకలి, నీరసం లేకపోతే ఆ అంకె మీదే, ఇక తగ్గించాల్సిన పని లేదు. భోజనం తర్వాతవన్నీ బాగుండి పరగడుపుదే ఎక్కువ ఉంటే, అన్నం ఇంకా కోసినా పెద్దగా లాభం ఉండదు, అది రాత్రంతా లివర్ వదిలే గ్లూకోజ్ వల్ల కావచ్చు, మందు గురించి మాట్లాడాలి. భోజనం తర్వాత 180 లోపు తేవడానికి అన్నం రోజూ రెండు చెంచాలకు దించాల్సి వస్తుంటే, అది కూడా మీ తప్పు కాదు, మందు చాలడం లేదేమో అడగండి.

డాక్టర్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. తారీఖు, ఏ పూట, ఏం తిన్నారు, ఎన్ని గ్రాములు, ముందు ఎంత, రెండు గంటలకు ఎంత, ఆరు గడులు చాలు. నేను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఆయన ఇడ్లీల పేజీ దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, పొద్దున మాత్ర టిఫిన్‌కి ముందు వేసుకుంటున్నారా, తర్వాతా అని అడిగారు. తర్వాత అన్నాను. ముందుకు మార్చారు.